షెల్ షాక్ తగిలిందా, వచ్చిందా?

సందేహం: యుద్ధంలో మనసు చెదిరిన సైనికులనూ వారికి వైద్యం చేసిన డాక్టర్లనూ చూపించే సినిమాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథతో 1997లో వచ్చిన 'రిజెనరేషన్' గురించి రాస్తున్నాను. ఆ సైనికుల స్థితికి ఇంగ్లీషులో పెట్టిన 'షెల్ షాక్' అనే పేరు (షెల్ అంటే ఫిరంగి గుండు) దగ్గరే కలం ఆగిపోతోంది. 'గుండుదెబ్బ' అని రాస్తే మా అన్నయ్య నవ్వాడు. 'యుద్ధోన్మాదం' అంటే హుందాగా ఉంటుందని ఒక స్నేహితురాలు అంది. ఏది సరైనది? ఆ సినిమాల సంభాషణలను తెలుగులో ఉదహరించవలసి వస్తే డాక్టరు రోగిని 'మీరు' అనాలా, 'నువ్వు' అనాలా? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: ముందుగా 'యుద్ధోన్మాదం' సంగతి తేల్చుకుందాం. మీ అన్నగారిని నవ్వించిన మాట కంటే ఈ హుందా అయిన మాటతోనే ప్రమాదం ఎక్కువ. వ్యాకరణరీత్యా ఆ సమాసానికి వంక పెట్టలేము. బడిలో నేర్చుకున్న 'దొంగభయం' దొంగ వలన భయం అయినట్టే, యుద్ధం వలన కలిగిన ఉన్మాదం యుద్ధోన్మాదం కావచ్చు. గుణసంధి కూడా సక్రమంగానే ఉంది. అయితే విగ్రహవాక్యం ఎన్ని దారులు చూపినా సమాసం వాడుక తొక్కిన బాటనే నడుస్తుంది. మన పత్రికలు ఈ మాటను 'మతోన్మాదం' పక్కన కూర్చోబెట్టి, యుద్ధానికి ఉవ్విళ్లూరే పాలకుల మీద ప్రయోగిస్తూ వచ్చాయి. ఇప్పుడు 'యుద్ధోన్మాదంతో బాధపడుతున్న సైనికుడు' అని రాస్తే, మరికొందరిని చంపడానికి తహతహలాడుతున్నవాడనే అర్థం చేసుకుంటారు. పైగా మీరు రాస్తున్న సినిమాలో ఇది మరింత ఎబ్బెట్టుగా ఉంటుంది. ముగించగలిగిన అధికారం ఉన్నవారే యుద్ధాన్ని కావాలని పొడిగిస్తున్నారని 1917లో బహిరంగ ప్రకటన చేసినందుకే కదా, కవి, సైనికాధికారి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను ఎడింబరో దగ్గరి క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రికి పంపించారు! యుద్ధోన్మాదాన్ని ఎండగట్టినవాడికే ఆ రోగం అంటగట్టడం న్యాయం కాదు.

'గుండుదెబ్బ' వినగానే నవ్వు రావడం సహజం, తిరుపతి నుంచి వచ్చినవారి తల గుర్తుకు వస్తుంది కాబట్టి. కాని ఆ మాట కట్టిన తీరును నేను తీసిపారేయను. వడగాడ్పు ఎవరినీ కర్ర పెట్టి కొట్టదు, ఒంటి మీద గాయం కనిపించదు, అయినా దాన్ని మనం 'వడదెబ్బ' అన్నాము, 'వడదెబ్బ తగిలింది' అంటున్నాము. కంటికి కనిపించని హానిని దెబ్బగా గుర్తించే అలవాటు తెలుగుకు ముందే ఉందన్నమాట. మీ ఊహ ఆ దారిలోనే వెళ్లింది. చిక్కల్లా మరొకచోట ఉంది: గుండుదెబ్బ తగిలి చనిపోయాడంటే గుండు ఒంట్లో దిగి చనిపోయాడనే మనకు తెలుసు. ఒంటికి ఏమీ తగలకుండానే మనిషి మారిపోవడం ఇక్కడ అసలు విషయం; ఆ విషయమే ఈ మాటలో జారిపోతుంది.

నా సలహా ఏమిటంటే, నామవాచకం జోలికి పోకండి. 'షెల్ షాక్' అనే ఉంచండి, మొదటిసారి వచ్చినచోట 'ఫిరంగి గుండ్ల పేలుళ్ల నడుమ నెలల తరబడి ఉన్న సైనికులకు ఒంటి మీద గాయం లేకుండానే చూపు, మాట, జ్ఞాపకం, నిద్ర చెడిపోయే స్థితి' అని ఒక వాక్యంలో వివరించండి. ఇలా చెప్పడానికి కారణం బద్ధకం కాదు. అది వైద్యులు పుట్టించిన పరిభాష కాదు. చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915 ఫిబ్రవరిలో 'లాన్సెట్' పత్రికలో ముగ్గురు రోగుల గురించి రాస్తూ ఆ మాటను అచ్చులోకి తెచ్చారు గాని, కందకాల్లోని సిపాయిలు అంతకుముందే దాన్ని వాడుతున్నారు. తర్వాతి కాలంలో ఆ పేరు సరైనది కాదని మయర్స్ స్వయంగా ఒప్పుకున్నారు. పేలుడుకు దరిదాపుల్లో లేనివారిలో కూడా అవే లక్షణాలు కనిపించాయి మరి. అంటే మూలభాషలోనే అది తప్పుడు పేరు. సిపాయిల నోట పుట్టి, వైద్యులు విడిపించుకోలేకపోయిన తప్పుడు పేరుకు మనం సంస్కృత ధాతువులతో శుద్ధమైన సమాసం కట్టిపెడితే దాని చరిత్ర చెరిగిపోతుంది.

నామవాచకాన్ని అలా వదిలేసినా క్రియ మిమ్మల్ని వదలదు. తెలుగులో అసలు పరీక్ష అక్కడే. జ్వరం వస్తుంది, జబ్బు చేస్తుంది, దెబ్బ తగులుతుంది, దెయ్యం పడుతుంది, కరెంటు షాక్ కొడుతుంది. మరి షెల్ షాక్ ఏమి చేస్తుంది? 'తగిలింది' అంటే అది గాయం. 'వచ్చింది' అంటే రోగం. చూడడానికి ఇది చిన్న పట్టింపులా ఉంటుంది గాని, బ్రిటిష్ సైన్యం సరిగ్గా ఈ రెండు క్రియల మధ్యనే సైనికులను విడదీసింది. శత్రువు గుండు దగ్గరలో పేలడం వల్ల కలిగినదైతే 'గాయం' అనే గుర్తు, లేకపోతే 'జబ్బు' అనే గుర్తు కాగితం మీద వేసేవారు. గాయం గుర్తు పడినవాడికి చొక్కా చేతి మీద గాయపడినవారి పట్టీ, పింఛను దక్కేవి. జబ్బు గుర్తు పడినవాడికి అవి లేవు, పైగా పిరికివాడేమోనన్న అనుమానం వెంట వచ్చేది. 1917 మధ్యకు వచ్చేసరికి అసలు షెల్ షాక్ అనే మాటనే చీటీల మీద రాయవద్దని, 'ఇంకా నిర్ధారణ కాలేదు, నరాలకు సంబంధించినది' అని మాత్రమే రాయాలని ఆదేశాలు వెళ్లాయి. ఒక పేరు రాయడం మానేస్తే రోగుల సంఖ్య తగ్గుతుందనే ఆలోచన కార్యాలయాల్లో అప్పుడూ ఉంది.

అందువల్ల మీ వ్యాసంలో ఒకే క్రియను మొదటినుంచి చివరివరకు లాక్కెళ్లకండి. రోగి తన గురించి చెప్పుకునేటప్పుడు 'తగిలింది' అననివ్వండి. మెడికల్ బోర్డు అధికారి 'వచ్చింది' అంటాడు, అంతకంటే కటువైనవాడు 'పట్టుకుంది' అంటాడు. మీరు వ్యాసకర్తగా మాట్లాడేటప్పుడు 'షెల్ షాక్‌కు గురైన సైనికులు' అనడం మేలు. ఆ మాట రోజూ వార్తల్లో విని విని మనకు చప్పబడిపోయింది గాని, గురి అంటే బాణానికో గుండుకో లక్ష్యమని గుర్తు చేసుకుంటే ఇంతకంటే పొందికైన ప్రయోగం దొరకదు. గాయమా, జబ్బా అనే తగవులో అది ఎవరి పక్షమూ పట్టదు కూడా.

మరి మన ఇళ్లలో 'దడుపు' అనే చక్కని మాట ఉంది కదా, దడుచుకున్న పిల్లలకు దడుపు జ్వరం వస్తుందని అంటాము కదా, దాన్ని ఎందుకు వాడకూడదని మీరు అడగవచ్చు. భయం ఒంటిని పాడుచేయగలదని ఏ వైద్యగ్రంథమూ చదవని అమ్మమ్మలకు తెలుసుననడానికి ఆ మాట సాక్ష్యం, అందుకు నాకు అది ఇష్టం. అయితే అందులో పసితనం ఉంది. ఇరవై నాలుగేళ్ల లెఫ్టినెంటుకు దడుపు అంటే ఎగతాళిగా ఉంటుంది. కాబట్టి దాన్ని వైద్యుడి నోట పెట్టకండి. సినిమాలో ఈ సైనికులను ఈసడించే పై అధికారి ఎవరైనా ఉంటే 'దడుపూ గిడుపూ ఏమీ లేదు, నడు' అని అతనిచేత అనిపించండి, బ్రహ్మాండంగా అతుకుతుంది.

'షాక్' విషయంలో ఒక హెచ్చరిక. మన చెవికి షాక్ అనగానే కరెంటు గుర్తుకు వస్తుంది. రిజెనరేషన్‌లో లండన్ ఆసుపత్రి ఘట్టం ఒకటి ఉంది: మాట పడిపోయిన ఒక సైనికుడిని డాక్టర్ యెల్లండ్ గదిలో బంధించి, గొంతుకు విద్యుత్తు పెట్టి బలవంతంగా మాట్లాడిస్తుంటే, క్రెయిగ్‌లాకార్ట్‌లో ససూన్‌కు వైద్యం చేసిన డాక్టర్ రివర్స్ చూస్తూ కూర్చుంటారు. యెల్లండ్ కల్పిత పాత్ర కాదు. తన పద్ధతి గురించి 1918లో పుస్తకం కూడా రాశారు. ఇక్కడ 'షాక్ తగిలిన సైనికుడికి షాక్ ఇచ్చారు' అని రాసేరు సుమా! ఈ ఘట్టం వరకు 'విద్యుత్తు పెట్టడం' అని విడదీసి రాయండి. అలాగే కొందరు వ్యాసకర్తలు షాక్‌కు 'అఘాతం' అని రాస్తున్నారు. అది ఆఘాతం, మొదటి అక్షరానికి దీర్ఘం తీసేస్తే దెబ్బ లేకపోవడమనే విపరీతార్థం వస్తుంది. ఇక ఇలాంటి స్థితికి నేడు వాడే పీటీఎస్‌డీ అనే పేరు 1980లో గాని అమెరికన్ వైద్యుల జాబితాలోకి ఎక్కలేదు, 1917 నాటి పాత్రల నోట అది వినిపించకూడదు.

'నర్వ్స్' దగ్గర కూడా జాగ్రత్త అవసరం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో అమెరికా జనరల్ ప్యాటన్ ఆసుపత్రిలోని సైనికులను చెంపదెబ్బ కొట్టిన ఉదంతాన్ని 1970 నాటి 'ప్యాటన్' సినిమాలో చూపించారు. ఏమైందని జనరల్ అడిగితే, ఆ సైనికుడు తన నర్వ్స్ అంటాడు, ఫిరంగుల మోత ఇక భరించలేనంటాడు. దీన్ని 'నరాల బలహీనత' అని తెలుగు చేస్తే మన బస్టాండు గోడల మీద ఆ మాటను ఏ రోగానికి రాస్తారో తెలిసిన పాఠకుడు వేరే అర్థం తీస్తాడు. 'నావల్ల కావడం లేదండీ, ఆ మోత వింటే ఒళ్లు స్వాధీనంలో ఉండడం లేదు' అని రాస్తే నరాల ప్రసక్తి లేకుండానే విషయం అందుతుంది.

ఇక మీ రెండో సందేహం. రివర్స్ దగ్గర అందరికీ 'మీరు' వేయండి. క్రెయిగ్‌లాకార్ట్ అధికారుల ఆసుపత్రి. ససూన్ అధికారి, అక్కడే చికిత్స పొందిన మరో కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ అధికారి, వైద్యుడు కూడా కెప్టెన్ హోదాలో ఉన్నవాడే. పైగా రివర్స్ స్వభావమూ అదే. ఆయన మానవశాస్త్రవేత్త కూడా. నీలగిరుల్లోని తోడా తెగవారి మధ్య గడిపి 1906లో వారి మీద పెద్ద గ్రంథం వెలువరించారు. తోడా భాష మన తెలుగుకు ద్రావిడ కుటుంబంలో దూరపు చుట్టం కాబట్టి, ఈ స్కాట్లాండు ఆసుపత్రి కథలో నాకు ఎవరో తెలిసినవారు ఎదురైనట్టు అనిపిస్తుంది. ఎదుటి మనిషి చెప్పేది అడ్డు రాకుండా వినే అలవాటు ఆయనకు అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. యెల్లండ్ మాత్రం ఆ సామాన్య సిపాయిని 'నువ్వు' అనే అనాలి. ఆయన నోట 'మాట్లాడండి' అని పెడితే ఆ గదిలోని క్రూరత్వమంతా ఆవిరైపోతుంది.

ఈ హోదాల తేడా రోగ లక్షణాల్లో కూడా కనిపించిందని రివర్స్ గమనించారు: సిపాయిలకు మాట పూర్తిగా పడిపోయేది, అధికారులకు నత్తి వచ్చేది. స్వయంగా రివర్స్‌కూ నత్తి ఉండేది. సినిమాలోని బిల్లీ ప్రయర్ పాత్ర కిందివర్గంలో పుట్టి అధికారి అయినవాడు. అతనికి సిపాయిల్లాగా మాట పడిపోయి, కాగితం మీద రాసి జవాబిస్తుంటాడు. అతన్ని 'మూగవాడు' అనకండి, అది పుట్టుకతో వచ్చినదాన్ని సూచిస్తుంది. 'మూగబోయాడు' అంటే కవిత్వంలోకి జారుతుంది. పక్షవాతం వచ్చినవారి గురించి మనం అనే 'మాట పడిపోయింది' ఒక్కటే దీనికి సరిపోతుంది.

ఆ నుడికారం మీకు మరొకచోట కూడా ఉపయోగపడుతుంది. హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ 1946లో అమెరికా సైన్యం కోసం తీసిన 'లెట్ దేర్ బి లైట్' అనే డాక్యుమెంటరీని మీ వ్యాసంలో తప్పక చేర్చండి. సైనికాసుపత్రిలోని నిజమైన రోగులతో తీసిన ఆ చిత్రాన్ని సైన్యమే తొక్కిపెట్టింది, 1980 చివర గాని అది జనం ముందుకు రాలేదు. అందులో ఒక యువకుడు మాట్లాడబోయి 'స' దగ్గర తడబడుతూ ఆగిపోతాడు. ఊష్మాల్లో గాలి ఒరుసుకుంటూ బయటికి వస్తుందని మనం వ్యాకరణంలో చదువుకున్నాము. అతని చెవికి ఆ ఒరిపిడే జర్మన్ ఫిరంగి గుండు దూసుకువచ్చే రొద. మందు ఎక్కించి వైద్యుడు మాట్లాడించిన తర్వాత ఒక్కసారిగా గొంతు విడివడి అతను అరిచే అరుపుకు ఇంగ్లీషు నుంచి మాటకు మాట పెట్టి 'నేను మాట్లాడగలను' అని రాయకండి, తెలుగువాడెవడూ ఆ క్షణంలో అలా అనడు. 'మాటొచ్చింది! వినండి, నాకు మాటొచ్చింది!' అని రాయండి.