బోటు రేసు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూకి,

మావయ్య ఆశీస్సులు. లండన్‌లో థేమ్స్ నది మీద జరిగే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల బోటు రేసు చూడటానికి వెళ్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఎక్కడ నిలబడాలని అడిగావు. హామర్‌స్మిత్ వంతెన దగ్గర, ఫర్నివాల్ గార్డెన్స్ పార్కు వైపు నిలబడు. నేను మొదటిసారి రేసు మొదలయ్యే పట్నీకి వెళ్లాను. నిమిషంలో పడవలు కనుమరుగయ్యాయి, చూసినట్టే లేదు.

పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా 6.8 కిలోమీటర్లు. 1845 నుంచి, ఏవో కొన్నేళ్లు తప్ప, ఇదే దారి. నదికి ఎదురు వెళ్తారు కానీ, సముద్రపు పోటు వాళ్లని వెనక నుంచి తోస్తుంది. యానాం దగ్గర గోదావరి పోటు చూసినదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. రేసు టైము కూడా ఆ పోటును బట్టే పెడతారు, అందుకే ఏటా మారుతుంది. ముందే చూసుకో. నీళ్లు చూస్తుండగానే ఒడ్డెక్కుతాయి, సంచి కింద పెట్టకు.

ముందు టాస్ వేసి, గెలిచినవాళ్లు మిడిల్‌సెక్స్ వైపో (ఉత్తరపు ఒడ్డు), సర్రే వైపో (దక్షిణపు ఒడ్డు) ఎంచుకుంటారు. హామర్‌స్మిత్ దగ్గర నది చాలాసేపు వంపు తిరుగుతుంది. అక్కడ సర్రే వైపు పడవకి దగ్గరి దారి, రెండోది చుట్టు తిరగాలి. నది మధ్యలో పోటు జోరెక్కువ కాబట్టి ఇద్దరూ అక్కడికే జరగాలని చూస్తారు. తెడ్లు తగిలేంత దగ్గరకొస్తే వెనకాల లాంచీలో వచ్చే అంపైర్ జెండా ఊపుతూ జట్టు పేరు పెట్టి అరుస్తాడు. అప్పుడు పడవల్ని కాదు, కాక్స్‌ని చూడు. తెడ్డు వెయ్యకుండా చుక్కాని పట్టుకుని కూర్చునేది ఆ ఒక్క మనిషే. ఆ వంపులో నిర్ణయమంతా తనదే.

ఒక్క మాట మాత్రం తప్పకుండా విను. గంట ముందే వెళ్లు, ఆడపిల్లల రేసు వదలకు. మగవాళ్ల రేసు 1829లో మొదలైతే వీళ్లది 1927లో మొదలైంది. ఈ నీళ్ల మీద, అదే రోజున, అదే దూరం పోటీ పడటానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు నేను ఒడ్డునే ఉన్నాను. పడవలు దాటుతుంటే గొంతు పూడుకుపోయింది, అరవలేకపోయాను.

మోర్ట్‌లేక్‌లో రేసు ముగిశాక గెలిచినవాళ్లు కాక్స్‌ని నీళ్లలోకి విసిరేస్తారు, కంగారు పడకు, అది ఆనవాయితీ. ఆ ముగింపు తర్వాత టీవీలో చూస్తే ఓడినవాళ్ల వైపు కూడా చూడు. నెలల తరబడి చీకటితోనే లేచి ప్రాక్టీసు చేసిన పిల్లలు. 2003లో 6.8 కిలోమీటర్ల తర్వాత కేంబ్రిడ్జ్ ఓడింది ఒక్క అడుగు తేడాతో.

సాక్సులు ఇంకో జత పెట్టుకో. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి, హామర్‌స్మిత్ దగ్గర ఎవరు ముందున్నారో నువ్వే చెప్పాలి.

మీ మావయ్య