మట్టికుండల శిల్పంలో పిచ్చుకలు గూడు పెట్టడం లేదా?

పిచ్చుకలు గూళ్లు పెట్టుకోవాలని పార్కులో మట్టికుండలతో శిల్పం నిలబెట్టారు, అవేమో గింజలు తిని వెళ్లిపోతున్నాయి అంటే, లోపం మీ శిల్పంలో కాదు, పార్కు లాన్‌లో ఉండొచ్చు.

1. ముందు పురుగుమందు కొట్టడం ఆపించండి. చాలామంది మరిచిపోయేది ఇదే. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి కానీ, పొదిగిన కొత్తలో పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. అవి దొరక్కపోతే పిల్లలు బతకవు. ఒక మూల గడ్డి కత్తిరించకుండా వదిలేయండి. పక్కనే గోరింట, మందార గుబురుగా పెంచండి, పిచ్చుకలు దాక్కోవడానికీ పనికొస్తాయి.

2. కుండ రంధ్రం 3.2 సెంటీమీటర్లు చాలు. పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి.

3. పడమటి ఎండ తగిలే కుండలను తూర్పుకో ఉత్తరానికో తిప్పండి. లోపల పెయింట్ వద్దు.

4. మన పాత పద్ధతిలో వరి కంకులను కుచ్చులుగా అల్లి శిల్పానికి వేలాడదీయండి, అందమూ మేతా రెండూ.