ఫిన్లాండ్, జపాన్, భారత్ బడుల పోలిక ఎక్కడ ఆగుతోందంటే

ఫిన్లాండ్, జపాన్ బడులను మన విజయనగరం జిల్లా బడులతో పోల్చే మీ డీఎడ్ ప్రాజెక్టు ముందుకు సాగడం లేదన్నారు. అది ఆగిపోవడానికి కారణం పీసా (పలు దేశాల్లో 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష) మార్కుల పట్టికలో భారత్ వరుస ఖాళీగా ఉండటమే; 2009 విడతలో కూడా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ మాత్రమే ఆ పరీక్ష రాశాయి కనుక, విజయనగరం బడులను ఆ అంకెలతో తూచలేము. కాబట్టి ప్రాజెక్టును ఇలా రాయండి.

1. పిల్లలు ఏ వయసులో వేర్వేరు బడులకు విడిపోతారో ముందుగా రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. ఫిన్లాండ్‌లో 7 ఏళ్లకు చేరినవారు 16 వరకు ఒకే తరహా బడిలో చదువుతారు. జపాన్‌లో 15 ఏళ్లకు హైస్కూలు ప్రవేశ పరీక్ష వేరు చేస్తుంది. మన జిల్లాలో మాత్రం ఒకే వీధి పిల్లల్లో ఒకరు మండల పరిషత్ బడికి నడిచి వెళ్తే, మరొకరు ఒకటో తరగతిలోనే ప్రైవేటు బడి బస్సు ఎక్కుతారు. నా దృష్టిలో అసలైన పోలిక ఇదే.

2. పీసాలో ఫిన్లాండ్ గణిత సగటు 2006లో 548 ఉండగా 2022లో 484కు పడిపోయిందని తప్పక చేర్చండి.