నాన్నగారి పేరున ఊళ్లో ఇల్లుంటే మీకు వడ్డీ సబ్సిడీ రాదా?

విజయవాడలో హోమ్ లోన్‌తో ఫ్లాట్ కొందామనుకుంటే, నాన్నగారి ఇల్లు ఉంది కాబట్టి లోన్ వడ్డీపై ప్రభుత్వ సబ్సిడీ రాదన్నారని అడిగారు. అలా ఎవరు చెప్పారో గానీ, ఆ టెన్షన్ వదిలేయండి. ఈ సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0 లెక్కలో కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలే, కాబట్టి మీ నాన్నగారి పేరున ఉన్న పల్లెటూరి ఇల్లు మీకు అడ్డం కాదు. మీ దంపతుల పేరున గానీ, పెళ్లికాని పిల్లల పేరున గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు.

మీరు చెప్పిన ఏడున్నర లక్షల వార్షిక ఆదాయం 9 లక్షల పరిమితి లోపే. విజయవాడ ఫ్లాట్ 32 లక్షలన్నారు, 35 దాటలేదు కాబట్టి పర్వాలేదు, లోన్ మాత్రం 25 లక్షలు మించనివ్వకండి. రిజిస్ట్రేషన్‌లో మీ ఆవిడ పేరు తప్పకుండా పెట్టించండి.

సబ్సిడీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదేళ్లలో విడతలుగా లోన్ ఖాతాకే వస్తుంది. అసలులో సగానికి పైగా బాకీ ఉంటేనే తర్వాతి విడత పడుతుంది, అందుకే చేతిలో డబ్బుందని తొందరపడి పెద్ద మొత్తం ముందే కట్టేయకండి.