ఫిట్స్ ఆగకపోతే ముక్కులో కొట్టే స్ప్రే: భయం ఎందుకు, జాగ్రత్త ఎక్కడ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఆరేళ్ళు. మూడేళ్ళ నుంచి ఫిట్స్ ఉన్నాయి, రోజూ మందు వేస్తూనే ఉన్నాం. 5 నిమిషాలు దాటితే ముక్కులో కొట్టమని మిడాజోలామ్ స్ప్రే రాసిచ్చారు. పోయిన నెల ఫిట్స్ వచ్చినప్పుడు స్ప్రే చేతిలో పట్టుకుని కూడా కొట్టలేకపోయాను, అది మత్తు మందు కదా, ఊపిరి ఆగిపోతుందేమోనని వణుకు. హాస్పిటల్‌కి చేరేసరికి 20 నిమిషాలు దాటింది, ఇంజెక్షన్లు ఇస్తే గానీ ఆగలేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. నేను చేసింది తప్పా? ఇంట్లో కొట్టడం నిజంగా సేఫేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మిమ్మల్ని అనేవాళ్ళని కాసేపు పక్కన పెట్టండి. బిడ్డ కొట్టుకుంటుంటే చేతులు ఆడకపోవడం ఏ తల్లికైనా జరిగేదే. స్ప్రే రాసిచ్చేటప్పుడు ఎలా కొట్టాలో చేయించి చూపించాల్సింది, చాలాచోట్ల ఆ పని జరగదు, ఆ లోటు మీది కాదు.

మీ భయం ఉత్తిది కాదు, మిడాజోలామ్ ఊపిరిని నెమ్మదింపజేయగలదు. కానీ ఆగని ఫిట్స్ కూడా ఊపిరిని దెబ్బతీస్తుంది, ఇంకా ఎక్కువగా. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో అంబులెన్స్ సిబ్బంది ఇదే కుటుంబానికి చెందిన మందుల్ని పెద్దవాళ్ళకి నరంలోకి ఇచ్చి చూసిన స్టడీ 2001లో వచ్చింది. అందులో మందు ఇచ్చినవాళ్ళలో ఊపిరి, బీపీ లాంటి ఇబ్బందులు సుమారు నూటికి 10 మందికి వస్తే, మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో 22 మందికి పైగా వచ్చాయి. అది స్ప్రే కాదు, పిల్లలూ కాదు, అయినా మీ చెయ్యి వణికినప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సిన లెక్క అదే.

5 నిమిషాలే ఎందుకంటే, చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, 5 దాటినవి సొంతంగా ఆగడం కష్టం. మెదడులో గాబా అనే బ్రేక్ లాంటి పదార్థం ఉంటుంది, అది పట్టుకునే కొక్కేలు నరకణాల పైన ఉంటాయి, మిడాజోలామ్ ఆ బ్రేక్‌ని గట్టిగా నొక్కిస్తుంది. ఫిట్స్ సాగేకొద్దీ ఆ కొక్కేలు కణం లోపలికి వెళ్ళిపోతాయి, అప్పుడు అదే మందు అంతగా పట్టదు. మీ బాబుకి ఒకటికి రెండు ఇంజెక్షన్లు కావాల్సి వచ్చింది కూడా బహుశా అందుకే.

ఇక కొట్టే పద్ధతి. ఫిట్స్ మొదలవగానే ముందు టైమ్ చూడండి, మన మనసుకి ఒక నిమిషం పది నిమిషాల్లా ఉంటుంది కాబట్టి గడియారాన్నే నమ్మండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, వేలు ఏదీ పెట్టొద్దు. టైమ్ అయ్యాక నాజిల్ ముక్కు రంధ్రంలో పెట్టి గట్టిగా ఒక్క ఊపున నొక్కాలి, మెల్లగా నొక్కితే పొగలా రాకుండా బొట్లుగా కారి గొంతులోకి పోతుంది. బిడ్డ పీల్చాల్సిన పని లేదు, ముక్కు లోపలి పొరే రక్తంలోకి లాగేసుకుంటుంది. చాలాసార్లు వాడే పంపు బాటిల్ కొత్తదైతే పొగలా వచ్చేదాకా ముందు గాలిలో కొట్టి సిద్ధం చేసుకోవాలి, ఒకేసారి వాడే సింగిల్ డోస్ స్ప్రేని మాత్రం పొరపాటున కూడా పరీక్షగా నొక్కొద్దు, ఉన్న మందంతా గాల్లో పోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది లెక్క. ఒక నొక్కుకి 0.5 మిల్లీగ్రాములు వచ్చే బాటిళ్ళు ఉన్నాయి, 1.25 వచ్చేవి, 5 వచ్చేవీ ఉన్నాయి. పిల్లలకి ముక్కులో మామూలుగా కిలోకి 0.2 మిల్లీగ్రాములు ఇస్తారు, అంటే 20 కిలోల పిల్లాడికి 4 మిల్లీగ్రాములు, 0.5 బాటిల్‌తో అయితే 8 నొక్కులు, రెండు ముక్కులకీ సగం సగం. అదే 8 నొక్కులు 1.25 బాటిల్‌తో కొడితే 10 మిల్లీగ్రాములు! అందుకే బాటిల్ మారినప్పుడల్లా, బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా, ఎన్ని నొక్కులో డాక్టర్ చేత రాయించుకుని బాటిల్‌కే అంటించండి. పాత బరువుకి రాసిన లెక్కతో కొడితే మందు చాలదు.

కొట్టాక పక్కనే ఉండి ఛాతీ కదలిక, పెదాల రంగు చూస్తూ ఉండండి. నిద్రపోతాడు, అది మామూలే, పూర్తిగా తేరుకునేదాకా నీళ్ళు కూడా పట్టొద్దు. ఊపిరి మెల్లగా, పైపైన తీసుకున్నా, పెదాలు నీలంగా మారినా, కొట్టిన తర్వాత 5 నిమిషాలకీ ఆగకపోయినా, ఆగి మళ్ళీ వచ్చినా అంబులెన్స్ పిలవాల్సిందే. మొదటిసారి వాడుతుంటే స్ప్రే కొడుతూనే ఇంకొకరి చేత ఫోన్ చేయించండి, ధైర్యంగా కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అన్నయ్యకి 30 ఏళ్ళు, ఒకసారి కొట్టినా ఫిట్స్ ఆగకపోతే మళ్ళీ కొట్టొచ్చా? జలుబు ఉంటే పనిచేస్తుందా?
– ఒక చెల్లెలు

జవాబు: మీ చీటీలో రెండో డోస్ రాసి ఉంటేనే కొట్టండి, స్ప్రే పేరు చూసుకోండి. అమెరికాలో వాడే 5 మిల్లీగ్రాముల మిడాజోలామ్ స్ప్రేకి 10 నిమిషాల తర్వాత రెండో ముక్కులో కొట్టొచ్చు అని ఉంటుంది, ఊపిరి సరిగ్గా లేకపోతే వద్దు. డయాజిపామ్ స్ప్రేకైతే కనీసం 4 గంటలు ఆగాలి. రెండూ ముక్కు స్ప్రేలే కదా అని ఒకదాని రూల్ ఇంకోదానికి వాడేస్తే ప్రమాదం. మద్యం, నిద్రమాత్రలు, ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి, దగ్గు మందులు వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి, వాటితో కలిస్తే ఊపిరి మీద దెబ్బ ఇంకా పెరుగుతుంది.

జలుబు కొంచెమే అయితే పైన తుడిచి, గాలి ఆడే వైపు కొట్టండి. ముక్కు పూర్తిగా మూసుకుపోయే అలవాటు ఉన్నవాళ్ళకి బుగ్గ లోపల వేసే మిడాజోలామ్ వేరేగా ఉంటుంది, అడిగి పెట్టుకోండి. ఇంకో మాట, నెలలో చాలాసార్లు స్ప్రే అవసరం పడుతోందంటే తప్పు స్ప్రేది కాదు, రోజూ వేసే మందు చాలట్లేదని. ఎప్పుడు కొట్టారో, ఎన్ని నిమిషాల్లో ఆగిందో రాసిపెట్టి ఆ కాగితం తీసుకెళ్ళండి, డాక్టర్‌కి మీ మాటలకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.