టెక్ సందేహాలు: రింగ్ వస్తుంది, మాట రాదు

ప్రశ్న: క్లినిక్‌లో ఫైబర్ కనెక్షన్‌కు ఐపీ ఫోన్ పెట్టాం. రింగ్ బాగానే వస్తోంది. ఎత్తితే మా మాట అవతలివాళ్లకు వినిపిస్తోంది, వాళ్ల మాట మాకు వినిపించడం లేదు. కొన్ని కాల్స్ అర నిమిషానికే కట్ అవుతున్నాయి. స్పీడ్ పెంచుకోమంటున్నారు.

జవాబు: డబ్బు దండగ. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) మాట్లాడినా ఒక కాల్‌కు అటూ ఇటూ సెకనుకు 90 కిలోబిట్ల చొప్పున చాలు.

ఇక్కడ రింగ్‌ది ఒక దారి, మాటది ఇంకో దారి. కాల్ కలిపేది సిప్ అనే పద్ధతి, సాధారణంగా 5060 పోర్టులో (పోర్టంటే డేటా వచ్చిపోయే, నంబరు వేసిన తలుపు లాంటిది). మాటలు ఆర్‌టీపీ ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న డేటా ముక్కలుగా, వేరే పోర్టులో వెళ్తాయి. ఆ పోర్టు ఏదో సిప్ సందేశంలోనే ఉంటుంది: ‘192.168.1.20కి, 11780 పోర్టుకు పంపండి’ అని. ఆ 192.168 చిరునామా మీ క్లినిక్ లోపలిది, మీ రూటర్ దాటితే ఎవరికీ చెల్లదు. అవతలి సర్వర్ దాన్నే నమ్మి పంపిన మాటలు గాల్లో కలిసిపోతాయి. మీ ప్యాకెట్లు మాత్రం సర్వర్ అసలు చిరునామాకే వెళ్తాయి కాబట్టి మీ మాట వాళ్లకు చేరుతుంది.

కట్ అయ్యే కాల్‌ను స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 32 సెకన్లయితే ఇదే జబ్బు. రిసీవర్ ఎత్తగానే మీ ఫోన్ ‘200 ఓకే’ పంపుతుంది. దానికి ఏసీకే, అంటే ‘అందింది’ అనే జవాబు, తిరిగి రావాలి. చిరునామా తప్పయితే అదీ చేరదు. రాకపోతే ముందు అర సెకను, తర్వాత ఒకటి, రెండు, నాలుగు సెకన్లు ఆగుతూ మళ్లీ మళ్లీ పంపి, 32వ సెకనుకు ఫోనే కాల్ తెంపేస్తుంది.

ముందు రూటర్ సెట్టింగ్స్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ ఆపండి. ఎక్కువగా న్యాట్ లేదా సెక్యూరిటీ మెనూలో ఉంటుంది. చిరునామాలు సరిచేయడానికే దాన్ని పెట్టారు గానీ, చాలా రూటర్లలో సగం మార్చి సగం వదిలేస్తుంది. ఆపాక రూటర్, ఫోన్ రెండూ రీస్టార్ట్ చేయండి. ఫోన్‌లో ‘స్టన్’ (బయటికి కనిపించే తన చిరునామాను ఫోన్ తెలుసుకునే పద్ధతి) ఆన్ చేసి, కీప్ అలైవ్ (దారి మూసుకోకుండా పంపుతుండే చిన్న సందేశం) 25 సెకన్లు పెట్టండి. ఇది లేకపోతే రూటర్ ఆ దారి మూసేస్తుంది. మీరు చేసే కాల్స్ వెళ్తాయి, వచ్చేవి రావు.

అప్పటికీ కుదరకపోతే రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్‌కు బయటివైపు ఉన్న చిరునామా) చూడండి. 192.168తోనో 10తోనో మొదలైతే దాని ముందు ఇంకో రూటర్ ఉన్నట్టే. చాలాసార్లు అది ఫైబర్ బాక్సే; దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి డేటాను నేరుగా దాటించేలా) పెట్టించండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నారు. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని చిరునామా) అడగండి, లేదా ప్యాకెట్లు ఎక్కడి నుంచి వస్తే అక్కడికే మాటలు తిప్పి పంపేలా సర్వర్‌లో సెట్ చేయమని ఫోన్ సర్వీసు వాళ్లకు చెప్పండి. 5060 పోర్టును మాత్రం ఊరందరికీ తెరవకండి. దాన్ని వెతికే బాట్లు నిత్యం తిరుగుతుంటాయి. దొరికితే విదేశీ కాల్స్ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

ప్రశ్న: అదే ఫోన్‌లో బ్యాంకుకు చేసి ‘1 నొక్కండి’ అన్నప్పుడు నొక్కినా పట్టించుకోవడం లేదు.

జవాబు: డీటీఎంఎఫ్ (నొక్కిన మీటలను అవతలికి పంపే పద్ధతి) సెట్టింగ్ ‘ఇన్‌బ్యాండ్’లో ఉందేమో చూడండి. అందులో మీట శబ్దం మాటతో పాటే వెళ్తుంది. జీ.729 లాంటి కుదించే కోడెక్‌లో అది నలిగిపోతుంది. ‘ఆర్‌ఎఫ్‌సీ 2833’కి మార్చండి, మీటలు మాటలో కలవకుండా విడిగా వెళ్తాయి. ‘పేలోడ్’ గడిలో 101 ఉంచండి.

ప్రశ్న: ఇంట్లో వైఫై కాలింగ్ పనిచేస్తుంది. ఆఫీసు వైఫైలో ఆ గుర్తే రాదు.

జవాబు: వైఫై కాలింగ్‌లోనూ, వోల్టేలోనూ (4జీ నెట్ మీద వెళ్లే కాల్స్) నడిచేది సిప్పే. కాకపోతే వైఫైలో ముందుగా ఫోన్ నుంచి మీ ఆపరేటర్ గేట్‌వే దాకా ఐపీసెక్ సొరంగం, అంటే డేటా రహస్యంగా వెళ్లే దారి, పడాలి. అందుకు యూడీపీ 500, 4500 పోర్టులు కావాలి. ఆఫీసు ఫైర్‌వాల్ వాటిని ఆపేస్తోందేమో ఐటీ వాళ్లను అడగండి. బయటికి తెరిస్తే చాలు, లోపలికి అక్కర్లేదు. ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ముందు అది ఆపి చూడండి.