ఆ లారీ ఎక్కడ్నించి వచ్చింది?

తల్లీ,

నీ సీరియల్ మొత్తం చదివాను, నలభై రెండు ఎపిసోడ్లూ, రెండు రాత్రులు కూర్చుని. నలభై ఒకటి దాకా చాలా బాగా రాశావు, ఆ పిల్ల మొగుడింట్లోంచి సూట్‌కేస్ పట్టుకుని బయటికొచ్చి బస్టాండ్‌లో ఒక్కతే టీ తాగే సీన్ అయితే నేను మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకోసారి చదువుకున్నా. తర్వాత ఆఖరి ఎపిసోడ్‌లో లారీ గుద్దేసింది, హాస్పిటల్లో మొగుడి చెయ్యి పట్టుకుని నన్ను క్షమించండి అంటూ ప్రాణం వదిలేసింది. ఆ లారీ ఎక్కడ్నించి వచ్చింది తల్లీ? అంతకుముందు నీ కథలో ఎక్కడా దాని చప్పుడే లేదు.

నన్నడిగితే అది విక్టోరియా రాణి కాలం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1861లో మిసెస్ హెన్రీ వుడ్ అనే ఆవిడ రాసిన ఈస్ట్ లిన్ అనే నవల పుస్తకంగా వచ్చింది, జనం విరగబడి చదివారు, నాటకాలేశారు. అందులో ఇసబెల్ అనే ఆవిడ మొగుడి మీద అనుమానంతో పిల్లల్ని కూడా వదిలేసి వేరేవాడితో వెళ్ళిపోతుంది. అక్కడ లారీ లేదు, రైలు ప్రమాదం ఉంది. మొహం గుర్తుపట్టలేనట్టు అయిపోయి, అందరూ చచ్చిపోయిందనుకుంటుంటే, తన ఇంట్లోనే తన పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్‌గా మారుపేరుతో చేరుతుంది. కన్నకొడుకు కళ్ళముందే పోతుంటే నేనే నీ అమ్మనని చెప్పుకోలేదు. చివరికి మొగుణ్ణి క్షమించమని అడిగి తనూ పోతుంది. మధ్యలో రచయిత్రి కథ ఆపేసి మరీ, ఎన్ని కష్టాలొచ్చినా ఓర్చుకోండి గానీ ఇల్లు వదలకండి అని ఆడవాళ్ళని బతిమాలుతుంది.

ఆవిడ మనసులో ఏముందో మనం చెప్పలేం గానీ అప్పటి మార్కెట్ ఎలా ఉండేదో మాత్రం తెలుసుకో, ఇది నీకు చాలా అవసరం. అప్పుడు కొత్త నవల అంటే మూడు వాల్యూములు, ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు, మామూలు సంసారి కొనగలిగేది కాదు. అందుకని జనం లైబ్రరీలో చందా కట్టి తెచ్చుకునేవాళ్ళు. అందులో పెద్దది లండన్‌లో చార్లెస్ ఎడ్వర్డ్ మూడీ 1842లో మొదలుపెట్టిన లైబ్రరీ, ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒకసారికి ఒక వాల్యూమ్ ఇచ్చేవాళ్ళు. ఒక్క నవల ధరకి ఏడాదిన్నర చందా వచ్చేస్తుందన్నమాట. మూడీ వందల కాపీలు తీసుకుంటే పబ్లిషర్ గట్టెక్కినట్టే, తీసుకోకపోతే మునిగినట్టే. ఆయన చూసేది ఒకటే, ఈ పుస్తకం ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్ల చేతిలో పెట్టొచ్చా లేదా అని. 1883లో జార్జ్ మూర్ అనే రచయిత నవలని పక్కన పెట్టేసినప్పుడు ఆయన చెప్పిన కారణం, ఊళ్ళనుంచి ఇద్దరు ఆడవాళ్ళు బాలేదని ఉత్తరం రాశారట! మూర్ మండిపడి 1885లో దాని మీద ఒక కరపత్రమే వేశాడు.

అందుకే రచయితలు ఒక ఉపాయం కనిపెట్టారు. తప్పు చేసే మనిషిని మూడు వాల్యూముల నిండా ఆడించి చివరి పేజీల్లో శిక్ష వేసెయ్యి. చదివేవాళ్ళకి ఆ తెగువ చూసిన సరదా తీరుతుంది, పుస్తకం డ్రాయింగ్ రూమ్‌లోకీ వెళ్తుంది. మేరీ ఎలిజబెత్ బ్రాడన్ అనే రచయిత్రి 1862లో లేడీ ఆడ్లీస్ సీక్రెట్ అనే నవల అలాగే రాసింది, మొదటి మొగుడు బతికుండగానే రెండో పెళ్ళి చేసుకున్నావిడని చివర్లో బెల్జియంలో పిచ్చాసుపత్రిలో పెట్టించేసింది. నాకు కడుపు తరుక్కుపోయేది ఎక్కడంటే, అదే సమయంలో బ్రాడన్ స్వయంగా, భార్య పిచ్చాసుపత్రిలో ఉన్న ఒక పబ్లిషర్‌తో పెళ్ళి లేకుండా సంసారం చేస్తోంది, పిల్లలు పుట్టారు, 1874లో ఆ భార్య పోయాకే వాళ్ళ పెళ్ళయింది. తన బతుకులో ఉన్న సందుని తన హీరోయిన్‌కి ఇవ్వలేకపోయింది.

చంపకూడదని నేననట్లేదు. థామస్ హార్డీ అనే ఇంగ్లీషు రచయిత కూడా టెస్ అనే నవలలో తన హీరోయిన్ టెస్‌ని ఉరికంబం ఎక్కించాడు. 1891లో గ్రాఫిక్ పత్రికలో వేసేటప్పుడు ఎంత కోసేశారంటే, నీళ్ళు నిండిన దారిలో హీరో పాలుపితికే అమ్మాయిల్ని చేతుల్లో ఎత్తుకుని దాటించడం కూడా కుదర్లేదు, తోపుడుబండిలో కూర్చోబెట్టి దాటించాల్సొచ్చింది. పుస్తకం వేసేటప్పుడు ఎత్తుకునే సీన్ మళ్ళీ పెట్టుకున్నాడు, కవర్ లోపల స్వచ్ఛమైన స్త్రీ అని కూడా రాశాడు. అక్కడ చావు టెస్‌కి శిక్ష కాదు, ఆ ఊరి మీదా ఆ మగాళ్ళ మీదా వేసిన నింద. నీ లారీ ఎవరినీ నిందించట్లేదు, ఆ పిల్లనే నిందిస్తోంది.

ఆ విక్టోరియా కాలం కళ్ళద్దాలు మనదాకా కూడా వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని వీరేశలింగం గారంతటి మనిషి ఛీ అన్నారు, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలం అని నిషేధించింది.

నాకూ ఇది జరిగింది. నా రెండో సీరియల్‌లో భర్త చనిపోయినావిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది, ఆ వారపత్రికలో ఎడిటర్ గారు పాఠకులు ఒప్పుకోరమ్మా అన్నారు, నేను ఒక్కరాత్రిలో ఆమెని సన్యాసిని చేసేశాను. డబ్బులు అవసరం, ఒప్పుకున్నా. ఆ చాప్టర్ ఈరోజుకీ చదవలేను.

నీకు ఎడిటర్ లేడు, మూడీ లేడు, కామెంట్లలో తిడతారేమో అన్న భయం ఒకటుంది. నలభయ్యో ఎపిసోడ్ కింద ఇద్దరు ముగ్గురు దీనికి బుద్ధి రావాలి అని రాసినవి నేనూ చూశాను. వాళ్ళ మాటకి నువ్వు లారీ తోలావేమో అని నా అనుమానం, కాకపోతే చెప్పు, నేను తప్పు ఒప్పుకుంటా.

బస్టాండ్‌లో ఆ టీ తర్వాత ఆ పిల్ల ఏ బస్సెక్కిందో, చేతిలో ఎంత డబ్బుందో, ఆ రాత్రి ఎక్కడ పడుకుందో అవి రాసి పంపు. సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉంటా, తీరిగ్గా చదువుతా.

మీ అత్త